ఎవరి అంకె వాళ్ళకే

ఆసుపత్రిలో ఆయన్ని ఎదురుగా ‘బాబాయ్ గారూ’ అంటారు. చాటున ‘రెండోసారి బాబాయ్’ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా ఏమీ అనుకోడు, పేరు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు గనక. గదికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. బస్సెక్కి కూర్చున్నాక ఇది మన బస్సేనా అని పక్కవాణ్ణి అడుగుతాడు. అతను అవునన్నాక వెనక సీటులో ఆవిణ్ణి కూడా అడుగుతాడు. ఇంట్లో పిన్ని, అంటే ఆయన భార్య, ఈ పోరు పడలేక స్టవ్ ఆపిన ప్రతిసారీ “ఆపాను, రెండోసారి కూడా చూశాను” అని వంటింట్లోంచే వినిపిస్తుంది.

నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. మందులగదిలో పనిచేసే మనిషి ధైర్యవంతుడైతే నాకు భయం. ఆయన భయం ఊరికే వచ్చింది కూడా కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక మందుల షాపులో పనికి కుదిరాడు. కంటి చుక్కలు కావాలని ఒక పెద్దాయన వస్తే చెవి చుక్కల సీసా పొట్లం కట్టి ఇచ్చాడు. రెండూ బొటనవేలంత సీసాలు, రెండింటికీ తెల్ల మూతలే. పెద్దాయన గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చాడు కాబట్టి సరిపోయింది. కౌంటరు మీద పొట్లం పెట్టి గొడుగు అందుకుంటుంటే పొట్లం ఊడి సీసా మీద చెవి బొమ్మ కనబడింది. కుర్రవాడు నవ్వుతూనే సీసా మార్చి ఇచ్చాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక లోపలికి పోయి, అట్టపెట్టెల మధ్య కూలబడి, అరగంట లేవలేదు. ఆ గొడుగు లేకపోతే అన్న ఆలోచన బాబాయ్‌ని ముప్పై అయిదేళ్ళుగా వదల్లేదు.

తర్వాత ఈ చిన్నపిల్లల ఆసుపత్రిలో చేరాడు. పసిపిల్లలకి మందు బరువును బట్టి ఇవ్వాలి. డాక్టరు మిల్లీగ్రాముల్లో రాస్తాడు. సీసాలో ఉండేది నీళ్ళమందు. తల్లి చేతిలో ఉండేది గీతలున్న సిరంజి. అన్ని మిల్లీగ్రాములంటే ఇన్ని మిల్లీలీటర్లని మందులగదిలో ఎవరో ఒకరు లెక్కకట్టి లేబుల్ మీద రాయాలి. చేత్తో రాసే రోజుల్లో ఒకడు రాసిన ఒకటి ఇంకొకడికి ఏడులా కనబడేది. బాబాయ్ ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోజులు వెళ్ళదీసి, ఇక లాభం లేదని ఒక పాత పుస్తకం సంపాదించి, కంప్యూటరు ప్రోగ్రాం రాయడం తనంతట తనే నేర్చుకున్నాడు. పది నెలలు పట్టింది. మందు పేరు, పాపాయి బరువు, డాక్టరు చెప్పిన మోతాదు కొడితే లేబుల్ అచ్చయి వచ్చేది. ఆసుపత్రి పెద్దలు వచ్చి చూసి భుజం తట్టారు. ఆయన ఆ లేబుల్ తీసుకుని పెన్నుతో మళ్ళీ లెక్క కట్టి చూసుకున్నాడు.

ఆ ప్రోగ్రాంకి ఒక పట్టిక ఉంది. ఏ మందులో మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చెప్పే పట్టిక. కంపెనీ మందు చిక్కదనం మారిస్తే అందులో ఒక్క అంకె మారిస్తే చాలు, లేబుళ్ళన్నీ దాన్ని బట్టి మారతాయి. ఆ పట్టికని బాబాయ్ ఒక చిన్న ఫైలుగా చేసి, ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే, దాని పక్కనే పెట్టాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే పెట్టేవారు. గదిలో ఉన్నది ఒకటే కంప్యూటరు. దానికి ‘మందులగది’ అని ఒకటే లాగిన్, దాని పాస్‌వర్డు చీటీ కీబోర్డు కింద. ఎవరొచ్చినా అదే తెరిచేవారు. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

ఎనిమిది నెలల కిందట తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ చీటీ చూసి మొహం చిట్లించారు. ఎవరు ఏ లేబుల్ తీశారో తెలియాలంటే ఎవరి లాగిన్ వాళ్ళకి ఉండాలన్నారు. కంప్యూటర్ల విభాగంలో ఒక అమ్మాయి ఉంది. ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో ఆ అమ్మాయి చేతిలో ఉంటుంది కాబట్టి అందరూ తాళాలమ్మాయి అంటారు. ఆ అమ్మాయే వచ్చి ఏడుగురికీ ఏడు లాగిన్లు చేసింది. చేసి వెళ్ళిపోకుండా బాబాయ్ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బాబాయ్ గారూ, మీ పట్టిక ఎక్కడుందనుకుంటున్నారు?”

“ప్రోగ్రాం పక్కనే ఉందమ్మా. నేనే పెట్టానుగా.”

“పక్కనున్నది ఎప్పటిదో పాతదండీ. ఈ కొత్త కంప్యూటరు వచ్చినప్పటి నుంచీ ఆ ఫోల్డర్లో ఎవర్నీ రాయనివ్వడం లేదు. మీ ప్రోగ్రాం రాయబోతే కాదు పొమ్మనదు. వాడుతున్న మనిషి సొంత ఫోల్డర్లో ఒక నకలు తీసి, అందులో రాసి, సరే రాశానంటుంది. ఇన్నాళ్ళూ అందరిదీ ఒకే లాగిన్ కాబట్టి నకలూ ఒకటే, ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు ఏడుగురు కదా. ఎవరు మారిస్తే వాళ్ళ ఒక్కళ్ళకే మారుతుంది.”

బాబాయ్ కుర్చీలోంచి సగం లేచాడు.

“కంగారు పడకండి. ఇప్పటికైతే నేను ఆ నకలు తెచ్చి ప్రోగ్రాం పక్కన పెట్టాను. ఇవాళ అందరికీ ఒకటే కనబడుతుంది. కానీ మీరు ప్రోగ్రాం మార్చాలి. అందరికీ ఉమ్మడిగా ఉండేవి పెట్టుకోడానికి కంప్యూటర్లో వేరే ఫోల్డరు ఉంది. దాని పనే అది. పట్టిక అక్కడ పెట్టండి. అందరూ చదువుతారు, మార్చే వీలు మీకూ మీ మందులగది మేడమ్‌కీ ఇస్తాను. ఇంట్లో అందరికీ తెలియాల్సిన మాట గోడ మీద రాస్తాం గానీ చీటీ రాసి మన జేబులో పెట్టుకోం కదా.”

ఇంత విడమరిచి చెబితే పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. బాబాయ్‌కీ అయింది. చిక్కల్లా ఏమిటంటే, అర్థమయ్యాక భయం పట్టుకుంది. పన్నెండేళ్ళ కిందట రాసిన ప్రోగ్రాం. ఎందుకు ఏది ఎలా రాశాడో సగం ఆయనకే గుర్తు లేదు. నిక్షేపంలా నడుస్తున్నదాన్ని కదిపితే ఇంకెక్కడైనా పట్టు తప్పితే? ఒక సున్నా అటో ఇటో జరిగితే? ఆ నెలలో ఒక శనివారం ప్రోగ్రాం తెరిచి, చూసి, మూసేశాడు. తర్వాతి నెలలో ఇంకోసారి తెరిచి, మూసేశాడు. తాళాలమ్మాయి మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ నెలాఖరుకి చేస్తానమ్మా అన్నాడు. నాలుగోసారి ఆ అమ్మాయి అడగడం మానేసింది. ఈలోగా ఏ మందు చిక్కదనమూ మారలేదు కాబట్టి గండం గడిచిందనే అనుకున్నాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం గుండె మందు కొత్త సీసాలు వచ్చాయి. అదే సీసా, అదే నీలం మూత, అదే గులాబీ రంగు నీళ్ళమందు. మిల్లీలీటరుకి అయిదు మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట పది ఉంది. పెట్టెలో కంపెనీవాళ్ళ కాగితం కూడా ఉంది. బాబాయ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పాత సీసాలు మూడు మిగిలితే తీసి పక్కన పెట్టేశాడు. తన లాగిన్‌తో ప్రోగ్రాం తెరిచి, పట్టికలో అయిదు చెరిపి పది కొట్టాడు. భద్రపరిచాను అని వచ్చింది. ప్రోగ్రాం మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. పది ఉంది. గోడ మీద బోర్డు తీసుకుని ఇలా రాశాడు: ‘గుండె మందు కొత్త సీసాలు, రెట్టింపు చిక్కన. ప్రోగ్రాంలో మార్చాను. రెండుసార్లు చూశాను.’

చూశాడు, నిజమే. రెండుసార్లూ తనే, తన లాగిన్‌లోనే చూశాడు. ఆయన భయమంతా ఆ పూట సీసాల మీద ఉంది, పాతవీ కొత్తవీ కలిసిపోతాయేమోనని. తాళాలమ్మాయి చెప్పిన మాట ఆ క్షణాన ఆయన బుర్రలో మచ్చుకైనా లేదు. కంప్యూటరు మాత్రం తన అలవాటు ప్రకారం ఆయన జేబులో ఒక చీటీ పెట్టి ఊరుకుంది.

మంగళవారం భోజనాల వేళకి ఎప్పటిలాగే నోటుబుక్కు తీశాడు. ప్రతి లేబుల్‌కీ ఒక నకలు అచ్చవుతుంది. అది నోటుబుక్కులో అంటించాలి. ఇంకెవరూ ఆ పని చేయరు, ఎవరికీ అంత ఓపిక లేదు. చేతులు కడుక్కుని, జిగురు డబ్బా మూత తీసి, ఒక్కొక్కటే అంటిస్తూ వచ్చాడు. నాలుగోది చేతిలోకి తీసుకున్నాడు. అయిదు నెలల పాప. గుండె మందు. అయిదు మిల్లీగ్రాములు. పూటకి ఒక మిల్లీలీటరు. తరవాతి మోతాదు రెండు గంటలకి.

ఒక మిల్లీలీటరు. కొత్త సీసా అయితే సగమే ఉండాలి.

 పాత సీసా ఇచ్చారేమో, అలాగే అయ్యుండాలి అనుకుంటూ పక్కకి చూశాడు. తను నిన్న పక్కన పెట్టిన మూడు పాత సీసాలూ సీలు ఊడకుండా అక్కడే ఉన్నాయి.  లేబుల్ కింద పొడి అక్షరాలు కొత్తమ్మాయివి. చేరి రెండు నెలలైన ఫార్మసిస్టు పిల్ల, కిటికీ దగ్గర డబ్బా తెరుచుకుని భోంచేస్తోంది.

“అమ్మా, ఈ లేబుల్ ఏ సీసాకి అంటించావు?”

“కొత్తదానికే బాబాయ్ గారూ. మీరు బోర్డు మీద రాశారుగా.”

“నీ లాగిన్‌లో పట్టిక ఒకసారి తెరువమ్మా.”

ఆ అమ్మాయి చేయి తుడుచుకుని వచ్చి తెరిచింది. గుండె మందు ఎదురుగా అయిదు ఉంది. బాబాయ్ ఆ అమ్మాయిని లేపి, ఆ కుర్చీలోనే కూర్చుని, తన లాగిన్ తెరిచాడు. పది ఉంది. అదే కంప్యూటరు, అదే ప్రోగ్రాం. మళ్ళీ ఆ అమ్మాయి లాగిన్ తెరిపించాడు. అయిదు. గదిలో ఏసీ నడుస్తూనే ఉంది, ఆయనకి మాత్రం చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మందులగది పెద్ద, అందరూ మేడమ్ అనే ఆవిడ, పక్క గదిలోంచి వచ్చింది. లేబుల్ చూసి ఆవిడ మొహంలోనూ రంగు మారింది. దాని మీద రెండో సంతకం ఆవిడదే. డాక్టరు చీటీతో పోల్చి చూసింది, కిందటి నెల లేబుల్‌తో పోల్చి చూసింది, ఒకటంటే ఒకటే ఉంది కదా అని పెట్టేసింది. తప్పు ఎక్కడైనా కొత్తగా కనబడుతుంది గానీ ఇలా అలవాటైన అంకె వేసుకుని వస్తే ఎవరు పట్టుకుంటారు. తల్లి మాత్రం ఎలా పట్టుకుంటుంది. నెలరోజులుగా ఒకటి గీత దాకానే వేస్తోంది. ఇవాళా వేస్తుంది.

గోడ గడియారంలో ఒంటిగంటా అయిదు. పొద్దుటి మోతాదు వార్డులో ఉన్న పాత సీసాలోంచి నర్సు వేసింది. పదకొండింటికి సీసా ఇచ్చి ఇంటికి పంపేశారు. మేడమ్ ఆ తల్లి నంబరుకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. బాబాయ్ ఈలోగా నోటుబుక్కు తిరగేశాడు. నిన్న మధ్యాహ్నం నుంచి గుండె మందు ఇంకెవరికైనా వెళ్ళిందా? లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. లేదు. ఒక్క ఈ పాపకే.

“కారు డ్రైవరు భోజనానికి వెళ్ళాడట. పావుగంటలో వస్తాడంటున్నారు,” అంది మేడమ్.

“లేబుళ్ళు ఆపించండి మేడమ్. వార్డులో డాక్టరు గారికి చెప్పండి. నేను వెళ్తున్నాను,” అన్నాడు. అడ్రసు చీటీ చేతిలో పట్టుకుని పరుగెత్తాడు. జీబ్రా గీతల దగ్గర కూడా అటూ ఇటూ రెండుసార్లు చూసి, ఎవరైనా దాటుతుంటే వాళ్ళ వెనక చేరి దాటే మనిషి, ఆ రోజు ఒక్కసారైనా చూడకుండా రోడ్డుకి అడ్డం పడి అవతల ఆగి ఉన్న టాక్సీ తలుపు తీశాడు.

టాక్సీలో ఆయన పడ్డ యాతన చెప్పతరం కాదు. చీటీలో ఉన్న నంబరుకి ప్రతి రెండు నిమిషాలకీ ఫోన్ చేస్తున్నాడు. రైల్వే గేటు దగ్గర ఆగిపోయారు. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎంతకీ తరగవు. పసిపిల్ల గుండె ఎంత ఉంటుంది, పిడికెడు కూడా ఉండదు. ఆ మందు గుండెని నెమ్మది చేయడానికే ఇచ్చేది. ఎంత నెమ్మది చేస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలుసు, ముప్పై అయిదేళ్ళుగా మందుల మధ్య బతికిన పాపానికి అంతా తెలుసు. తెలియకపోతే బాగుండుననుకున్నాడు. గొడుగు మరిచిపోయిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఈ తల్లి ఏదైనా మరిచిపోయి వెనక్కి వచ్చినా బాగుండును.

రంగుల దుకాణం మీద మూడో అంతస్తు. మెట్ల దారిలో సైకిళ్ళు, ఖాళీ డబ్బాలు. పైకి చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఎదురుబొదురు రెండు తలుపులు, దేనికీ నంబరు లేదు. కుడి తలుపు బాదితే బనీను వేసుకున్న ఒకాయన బయటికొచ్చి ఎదుటి తలుపు చూపించాడు. ఆ తలుపు తీసింది పాప అమ్మమ్మ. చంక మీద పాప ఉంది. పాప చేతిలో ప్లాస్టిక్ గరిటె ఉంది.

“ఆసుపత్రి నుంచి వచ్చానమ్మా. మందులగది. రెండు గంటల మందు వేశారా?”

“ఇప్పుడే వేశానండీ. లేచి ఒకటే ఏడుపు, ఎలాగూ టైమవుతోందిగా అని వేసేశాను. దీని తల్లి నాలుగు రాత్రుల నుంచీ ఆసుపత్రిలో కన్ను మూయలేదు, లోపల పడుకుంది. ఫోన్లో ఛార్జి కూడా లేదు, వంటింట్లో పెట్టాం. ఏమండీ, ఏమైంది?”

బాబాయ్ గోడ పట్టుకున్నాడు. గోడ గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

“ఎంత వేశారమ్మా?”

“ఎప్పటిలాగే, ఒకటి గీత దాకా. కానీ అంతా లోపలికి పోలేదు, సగం ఉమ్మేసింది,” అని ఆవిడ భుజం మీది గుడ్డ తీసి చూపించింది. దాని మీద గులాబీ మరక. బాబాయ్ ఆ గుడ్డని రెండు చేతుల్లోకీ తీసుకుని వెలుగులో పట్టుకుని చూశాడు. అరచేతిలో మూడోవంతు ఉంది మరక. అది సగమా? పావా? అందులో ఎంత మందు, ఎంత చొంగ? పెన్నుతో లెక్క కట్టడానికి అక్కడ ఏమీ లేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“బయల్దేరండమ్మా. టాక్సీ కింద ఉంది. ఆసుపత్రికి పోవాలి.”

తల్లి జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. పాపని అందుకుని మెట్లు దిగింది. టాక్సీలో వెనక సీటులో ఇటు బాబాయ్, మధ్యలో తల్లి, అటు అమ్మమ్మ. పాప మొహం ఆయన వైపుంది. ఆయన జేబులోని పెన్ను లాగాలని చూసింది, దొరక్కపోతే ఆయన చూపుడువేలు పట్టుకుంది. ఆయన ఆ పిడికిలిలో పట్టు తగ్గుతోందా అని చూస్తూ కూర్చున్నాడు.

“ఇప్పుడైనా చెబుతారా?” అంది తల్లి.

“ఈ సీసాలో మందు రెట్టింపు చిక్కనమ్మా. సగమే వేయాలి. లేబుల్ మీద పాత కొలత పడింది.”

“ఎవరు వేశారు పాత కొలత?”

లేబుల్ మీద కొత్తమ్మాయి పొడి అక్షరాలున్నాయి. కంప్యూటరులో కూడా ఆ అమ్మాయి పేరే ఉంటుంది. ఎవరు తీశారో తెలియాలనే కదా ఏడు లాగిన్లు చేయించారు. బాబాయ్‌కి ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళుంది. ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన ఆయనకి రాలేదని నేను చెప్పను. వచ్చింది. వచ్చినందుకు కూడా భయం వేసింది.

“నేను,” అన్నాడు. “అంకె మార్చాను గానీ అందరికీ మారే చోట పెట్టలేదు. పెట్టమని ఎనిమిది నెలల కిందటే చెప్పారు. భయపడి పెట్టలేదు.”

ఆమె పాప వేళ్ళు ఆయన వేలి నుంచి ఒక్కొక్కటిగా విడదీసి, పాపని అటు తిప్పి అమ్మమ్మ ఒళ్ళోకి ఇచ్చింది.

వార్డులో డాక్టరు సిద్ధంగా ఉంది. బాబాయ్ జేబులోంచి గుడ్డ తీసి చూపించి ఉమ్మేసిందన్న సంగతి చెప్పాడు. ఆవిడ గుడ్డని చూసి పక్కన పెట్టింది. “ఎంత ఉమ్మేసిందో మనకి తెలీదు. మొత్తం మింగిందనే అనుకుందాం,” అంది. పాప ఛాతీకి మూడు తీగలు అంటించారు. రక్తంలో చక్కెర చూశారు. ఈ మందు ఎక్కువైతే చక్కెర కూడా పడిపోతుంది, అందుకని చేతికి సూది పెట్టి గ్లూకోజు ఎక్కించారు. తెర మీద గుండె వేగం అంకె వెలిగింది. నూట ఇరవై రెండు.

బాబాయ్ అద్దం అవతల నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మూడింటికి అంకె నూట పది. మూడున్నరకి నూట రెండు. నాలుగింటికి తొంభై ఆరు. లోపల నర్సు నడక కొంచెం జోరందుకుంది. తొంభై మూడు. తొంభై ఒకటి. ఆయన జీవితంలో ఎన్ని అంకెలు చూసుంటాడు, ఒక అంకెని ఇలా దండం పెట్టి బతిమాలడం ఎప్పుడూ లేదు. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకుంటే ఇంకా పడిపోతుందేమోనని రెప్ప వేయకుండా చూశాడు.

అప్పుడే కొత్తమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. “నా పేరు మీద రిపోర్టు రాస్తున్నారు బాబాయ్ గారూ. లేబుల్ నా లాగిన్‌లోనే తీశానట.”

“నువ్వు చేసింది సరిగ్గానే చేశావమ్మా. పద,” అన్నాడు. తెర వదిలి ఆయన కదిలింది ఆ ఒక్క అయిదు నిమిషాలే. మేడమ్ గదిలో కాగితం మీద ఆ అమ్మాయి పేరున్న చోట తన పేరు రాయమన్నాడు. తాళాలమ్మాయి ఎప్పుడెప్పుడు చెప్పిందో, తను ఏమని వాయిదా వేశాడో తారీఖులతో సహా చెప్పాడు.

“మరి ఎందుకు మార్చలేదు?” అంది మేడమ్.

“భయమేసింది మేడమ్.”

“దేనికి?”

“మారిస్తే ఏదైనా తప్పు దొర్లుతుందేమోనని.”

మేడమ్ ఆయన పేరు రాసి, కింద తన పేరు కూడా రాసింది. రెండో సంతకం నాదే కదా అంది.

తిరిగి వచ్చేసరికి తెర మీద ఎనభై తొమ్మిది. అద్దానికి ఆనుకున్నాడు. ఆ ఎనభై తొమ్మిది అలాగే ఉండిపోయింది. పావుగంట ఉంది. అరగంట ఉంది. అయిదున్నరకి తొంభై రెండు. ఆరింటికి నూట ఒకటి. ఆరుంబావుకి పాప ఆకలికి ఏడుపు అందుకుంది. అంకె ఒక్కసారిగా నూట ముప్పై దాటింది. డాక్టరు బయటికొచ్చి, గండం గట్టెక్కినట్టే, రెండు రోజులుంచి పంపిద్దామంది. బాబాయ్ సరేనన్నాడు. మెట్ల కిందికి వెళ్ళి, ఎవరూ చూడకుండా కూర్చుని ఏడ్చాడు. ఆ సాయంత్రం ఇంటికెళితే పిన్ని స్టవ్ ఆపి, ఆయన మొహం చూసి, ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

బుధవారం పొద్దున్నే తాళాలమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం తెరిచాడు. ఎనిమిది నెలలు భయపడ్డ పని రెండు గంటల్లో అయింది. పట్టికని ఉమ్మడి ఫోల్డర్లోకి మార్చారు. ప్రోగ్రాం ఇకమీదట అక్కడే చదువుతుంది, అక్కడే రాస్తుంది. రాయడానికి వీల్లేకపోతే రాయలేదనే చెబుతుంది. ఎవరెవరి ఫోల్డర్లలో పాత నకళ్ళు మిగిలాయో వెతికి చెరిపేశారు. ఆ తర్వాత పట్టికని బాబాయ్ తను తెరిచి చూడలేదు. ఏడుగురిలో తక్కిన ఆరుగురినీ పిలిచి, ఒక్కొక్కరినీ తమ లాగిన్‌తో కూర్చోబెట్టి, గుండె మందు ఎదురుగా ఏముందో పైకి చదవమన్నాడు. తను గోడ వైపు తిరిగి నిలబడి విన్నాడు. పది అన్నారు. అందరూ పదే అన్నారు. 

శుక్రవారం పాపని ఇంటికి పంపించారు. తల్లి కౌంటరు దగ్గరికి వచ్చింది. కొత్తమ్మాయి లేబుల్ తీసింది, మేడమ్ సంతకం పెట్టింది, సీసా బాబాయ్ అందించాడు. సిరంజి మీద సగం గీత దగ్గర ఎర్ర స్కెచ్ పెన్నుతో తనే గుర్తు పెట్టాడు.

“ఒకసారి చదవండమ్మా,” అన్నాడు.

“పూటకి అర మిల్లీలీటరు,” అని చదివింది. సీసా తిరిగి ఆయన వైపు జరిపింది. “ఇప్పుడు మీరు చదవండి.”

ఆయన చదివాడు.

“మళ్ళీ చదవండి.”

మళ్ళీ చదివాడు. ఆమె విని, సీసాని సంచిలో పెట్టుకుని, అమ్మమ్మ చేతిలోంచి పాపని అందుకుంది. కోపంగా ఏమీ లేదు. నవ్వలేదు కూడా. తలుపు దాకా నడిచింది. తలుపు మీద చేయి వేసి ఆగిపోయింది. పాపని చంక మార్చుకుని, సంచి తెరిచి, సీసా బయటికి తీసి, లేబుల్ మళ్ళీ చూసుకుంది. సీసా లోపల పెట్టి బయటికి నడిచింది. మెట్ల మీద నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆగి సంచి తెరవడం బాబాయ్‌కి అద్దంలోంచి కనబడింది.

అంతకు ముందు ఆమెకి ఆ అలవాటు లేదు.